2001 నాటి ఆల్బమ్‌లు, అరువు గొంతులు

ఇరవై ఒకటో శతాబ్దపు తొలి ఐదారేళ్ళలో వచ్చిన డాన్స్, ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల గురించి చెప్పేవారు సాధారణంగా అవి ఆ రోజుల్లో ఎంత కొత్తగా వినిపించాయో చెబుతారు. నాకు వాటిలో మొదట వినబడినదీ, ఇప్పటికీ వినబడుతున్నదీ వాటి పాతదనమే. యంత్రాలతో చేసిన సంగీతమని పేరు పడినా, వాటిలో నేను ప్రేమించినవన్నీ ఎవరో ఒకరి చిన్ననాటి రికార్డుల మీద, రేడియో మీద, టెలివిజన్ మీద కట్టినవే. పారిస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టిన పాతికేళ్ళ కుర్రవాళ్ళు తమ బాల్యాన్ని తలచుకుంటూ చేసిన ఆ సంగీతం, బందరులో పెరిగిన నా యవ్వనానికి తోడైంది. ఇప్పుడు నేను నా జ్ఞాపకాలుగా చెప్పుకొనేవాటిలో సగం వాళ్ళ జ్ఞాపకాలేనని అనిపిస్తుంది.

2000 సంవత్సరం రాగానే పాత ప్రోగ్రాములు తికమకపడతాయన్న వై2కె గండం గడిచిపోయిన తరువాత, దాన్ని సరిచేసే పనిలో చేరిన ఎందరో తెలుగువాళ్ళలాగే నేనూ వేరే ప్రాజెక్టు మీద లండన్ చేరాను. ఈస్ట్ హామ్‌లో ఇద్దరు మిత్రులతో కలిసి ఒక ఇంట్లో ఉండేవాళ్ళం. అప్పటిదాకా నా సంగీతమంటే విజయవాడ ఆకాశవాణి కేంద్రం, సినిమా పాటల క్యాసెట్లు, శనివారం రాత్రి మా వీధి రామమందిరంలో జరిగే భజన. ఈ మూడింటిలో చివరిదే నన్ను ఎలక్ట్రానిక్ సంగీతానికి సిద్ధం చేసిందని నా నమ్మకం. ఒకే నామాన్ని, ఒకే వరుసలో, వేగం కొద్దికొద్దిగా పెంచుకుంటూ, చిడతలు, మద్దెల ఆగకుండా నడుస్తుండగా అరగంటసేపు పాడే ఆ పద్ధతిలో పెరిగిన చెవికి పునరుక్తి విసుగు పుట్టించదు. ఒకటే ముక్కను మళ్ళీ మళ్ళీ వినిపిస్తారేమని నా మిత్రులు అడిగినప్పుడు, పదోసారి వచ్చేటప్పటికి ఆ ముక్క మొదటిసారి విన్న ముక్కగా ఉండదని చెప్పడానికి నాకు భజన కంటే మంచి ఉదాహరణ దొరికేది కాదు.

ఆ కాలపు ఆల్బమ్‌లలో అన్నిటికంటే ముందు చెప్పవలసినది డాఫ్ట్ పంక్ బృందం 2001 మార్చిలో విడుదల చేసిన డిస్కవరీ. థామస్ బాంగల్టర్, గీ మాన్యుయెల్ ద ఓమెమ్ క్రిస్టో అనే ఇద్దరు ఫ్రెంచి యువకులు పారిస్‌లోని బాంగల్టర్ ఇంట్లోనే 1998 నుంచి 2000 దాకా కూర్చుని దీన్ని తయారుచేశారు. 1997లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ హోమ్‌వర్క్ గరుకుగా, బలంగా, నేరుగా క్లబ్బుల నేల మీదికి వెళ్ళే సంగీతం. డిస్కవరీలో వాళ్ళు తమ పదేళ్ళలోపు వయసులో విన్న డిస్కోను, రాక్ గిటార్లను, మెత్తని పాప్ పాటలను, మంచిదో చెడ్డదో అని తూచకుండా పిల్లలు వినే విధంగా మళ్ళీ వినాలనుకున్నామని ఇంటర్వ్యూలలో చెప్పుకున్నారు. ఆ మాట నాకు చాలా కాలం తరువాత తెలిసింది గాని, ఆల్బమ్ వింటున్నప్పుడే అందులో ఎవరో వెనక్కి తిరిగి చూస్తున్న భావన స్పష్టంగా ఉండేది.

మొదటి పాట వన్ మోర్ టైమ్ 2000 నవంబరులోనే సింగిల్‌గా వచ్చి ఫ్రాన్స్‌లో మొదటి స్థానానికి, బ్రిటన్‌లో రెండో స్థానానికి చేరింది. నేను లండన్ చేరేనాటికి ఆ పాట లేని దుకాణమూ, ఆ పాట రాని రేడియో గంటా లేవు. నిమిషానికి సుమారు 123 దెబ్బల వేగంతో నడిచే ఆ పాటలో డ్రమ్ము దెబ్బ పడిన ప్రతిసారీ మిగతా ధ్వనులన్నీ ఒక్క క్షణం అణిగి, వెంటనే పైకి లేస్తాయి. కంప్రెసర్ అనే పరికరంతో చేసే ఆ పని వలన పాటంతా ఊపిరి తీసుకుంటున్నట్లు వినిపిస్తుంది. న్యూజెర్సీకి చెందిన రోమాంథనీ పాడిన గొంతును, స్వరాన్ని సరిచేసే ఆటోట్యూన్ అనే సాఫ్ట్‌వేర్‌తో బాగా మార్చి, మనిషి గొంతుకూ వాద్యానికీ మధ్య ఎక్కడో నిలబెట్టారు. అలా మార్చడాన్ని ఆ రోజుల్లో చాలామంది తప్పుపట్టారు. నాకు మాత్రం ఆ గొంతులోని సంతోషం ఏమాత్రం కృత్రిమంగా తోచలేదు. పాట నడుమ డ్రమ్ములు పూర్తిగా ఆగిపోయి దాదాపు రెండు నిమిషాలపాటు గొంతు, కీబోర్డు మాత్రమే మిగిలే ఘట్టం ఉంది. నృత్యం కోసం చేసిన పాటలో అంతసేపు తాళం ఆపడం సాహసమే. ఆ రెండు నిమిషాలూ నిలబడి ఎదురుచూసినవారికే, తాళం తిరిగి వచ్చినప్పుడు కలిగే ఆనందం పూర్తిగా దక్కుతుంది.

ఈ ఆల్బమ్‌ను ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని పెద్ద దుకాణంలో కొన్నాను. అట్టపెట్టెలో సీడీతో పాటు డాఫ్ట్ క్లబ్ అనే సభ్యత్వ కార్డు ఒకటి ఉండేది. దాని మీది సంఖ్యను ఇంటర్నెట్‌లో నమోదు చేసుకుంటే కొత్త రీమిక్స్‌లు దించుకోవచ్చు. పాటలను ఉచితంగా పంచుకొనే న్యాప్‌స్టర్ అనే సేవ మీద కోర్టు కేసులు నడుస్తూ, పాటలను ఇంటర్నెట్‌లో పెట్టాలంటేనే సంగీత కంపెనీలు భయపడుతున్న రోజులలో, రికార్డు కొన్నవారికి అదనంగా ఏదో ఒకటి ఇద్దామన్న ఆ ఆలోచన ఎంతో ముందుచూపు కలది. 2003లో ఆ సేవ ఆగిపోయి, ఆ రీమిక్స్‌లే ఒక ఆల్బమ్‌గా వచ్చాయి. కార్డు మాత్రం ఇప్పటికీ నా సీడీ పెట్టెలోనే ఉంది.

డాఫ్ట్ పంక్ ఇద్దరూ రోబో శిరస్త్రాణాలు ధరించడం మొదలుపెట్టినది కూడా ఈ ఆల్బమ్‌తోనే. 1999 సెప్టెంబరు 9న, 9 గంటల 9 నిమిషాలకు తమ స్టూడియోలో యంత్రం పేలిపోయిందనీ, కళ్ళు తెరిచేసరికి తాము రోబోలుగా మారామనీ వాళ్ళు ఒక కథ చెప్పుకొనేవారు. ఆ తేదీ వాళ్ళు ఊరికే ఎంచుకున్నది కాదు. పాత ప్రోగ్రాములలో తొమ్మిదుల వరుసను ముగింపు గుర్తుగా వాడేవారు కనుక, ఆ రోజున కంప్యూటర్లు తికమకపడతాయన్న భయం నిజంగానే ఉండేది. హైదరాబాదులో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని, అలాంటి తేదీల కోసం వేల వరుసల కోడు వెదికిన మా తరం తెలుగు ఇంజనీర్లకు ఆ కథ మిగతా ప్రపంచం కంటే కొంచెం ఎక్కువ దగ్గరగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

బాల్యం మీద వాళ్ళ ప్రేమ పాటలతో ఆగలేదు. చిన్నప్పుడు ఫ్రెంచి టెలివిజన్‌లో తాము చూసిన అంతరిక్ష వీరుడి బొమ్మల సీరియల్‌ను సృష్టించిన జపాన్ చిత్రకారుడు లెయిజీ మత్సుమోతోను వెదుక్కుంటూ టోక్యో వెళ్ళి, డిస్కవరీ ఆల్బమ్ మొత్తానికీ ఆయన పర్యవేక్షణలో ఒక యానిమేషన్ చిత్రం తీయించారు. ఇంటర్‌స్టెల్లా 5555 అనే ఆ చిత్రం 2003లో కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమైంది. అందులో సంభాషణలు లేవు. పద్నాలుగు పాటలూ ఆల్బమ్‌లో ఉన్న వరుసలోనే వస్తాయి. వేరే లోకపు సంగీత బృందాన్ని ఎవరో ఎత్తుకుపోయి, వాళ్ళ జ్ఞాపకాలు చెరిపి, భూమి మీద తారలుగా అమ్ముకోవడం ఆ కథ. డిజిటల్ లవ్, సమ్‌థింగ్ అబౌట్ అస్ పాటలు ఆ బొమ్మలతో కలిసి చూసినప్పుడు, ఆల్బమ్‌లో అంతకు ముందు నేను గమనించని దుఃఖం బయటపడింది. వేరే దేశంలో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు ఫోన్ కార్డు గీసి ఇంటికి మాట్లాడుకొనే మాకు ఆ కథ మనసుకు గట్టిగా తాకింది.

డిస్కవరీ తరువాత నేను అంతగా ప్రేమించిన రికార్డు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. మెల్‌బోర్న్‌కు చెందిన ది అవలాంచెస్ బృందం 2000 నవంబరులో తమ దేశంలో విడుదల చేసిన సిన్స్ ఐ లెఫ్ట్ యూ, 2001లో బ్రిటన్‌కు చేరింది. రాబీ చేటర్, డారెన్ సెల్ట్‌మన్ ముఖ్యంగా పనిచేసిన ఈ ఆల్బమ్ దాదాపు పూర్తిగా ఇతరుల రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలతోనే తయారైంది. సెకండ్‌హ్యాండ్ దుకాణాలలో ఎవరూ కొనని పాత ఎల్‌పీలను మోసుకొచ్చి, వాటిలోంచి ఒక తీగ స్వరం, ఒక నవ్వు, గుర్రపు సకిలింపు, ఒక హాస్య నాటికలోని మాట ఏరుకుని, ధ్వని ముక్కలను దాచి తిరిగి వాయించే అకాయి శాంప్లర్లలోకి ఎక్కించి అల్లుకుంటూ పోయారు. శాంపిల్స్ అని పిలిచే అలాంటి ముక్కలు అందులో 3,500 దాకా ఉన్నాయని అంచనాగా చెబుతారు.

1991లో అమెరికాలో ఒక న్యాయస్థానం అనుమతి లేకుండా శాంపిల్ వాడడం దొంగతనమే అన్నంత కఠినంగా తీర్పు ఇచ్చిన తరువాత, ప్రతి ముక్కకూ సొంతదారుని వెదికి అనుమతి తీసుకోవలసి వచ్చేది. ఇంతటి ఆల్బమ్ విదేశాలలో విడుదల కావడానికి ఆలస్యమైందంటే కారణం అదే. అమెరికా గాయని మడోనా పాట హాలిడేలో అడుగున సాగే మంద్రస్వరాల వరుసను వాడుకోవడానికి కూడా అనుమతి దొరకడం ఆ రోజుల్లో పెద్ద వార్త. ఆ తరువాత అనుమతుల ఖర్చు ఇంకా పెరిగి, అలాంటి ఆల్బమ్ మరొకటి చేయడం దాదాపు అసాధ్యమైపోయింది. ఈ విషయం తెలిసి విన్నప్పుడు, కాస్త తలుపు తెరిచి ఉన్న కొద్ది కాలంలో ఆ కుర్రవాళ్ళు ఎంత సంపద బయటికి తెచ్చారో అర్థమవుతుంది.

ఈ రికార్డులో ఒక పాటకూ మరొక పాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఒక పాట చివర వినబడే వేణువు తరువాతి పాటలో అడుగున సన్నగా సాగుతూ ఉంటుంది. మొదట్లో వచ్చిన స్వరం గంట తరువాత వేరే ముసుగులో తిరిగి వస్తుంది. రేవు నుంచి రేవుకు ఒక అమ్మాయిని వెదుక్కుంటూ సాగే సముద్రయానంగా దీన్ని మొదట ఊహించుకున్నామని వాళ్ళు చెప్పారు. అట్ట మీద కల్లోల సముద్రంలో ఓడ బొమ్మ ఉంటుంది. ఈ కథ ఏదీ తెలియకపోయినా, ఎవరో బయలుదేరి వెళ్ళిపోతున్నారని, ఆ వెళ్ళడంలో సంతోషమూ బెంగా రెండూ ఉన్నాయని మొదటి నిమిషంలోనే తెలుస్తుంది. డిస్ట్రిక్ట్ లైన్ రైలులో ఈస్ట్ హామ్ నుంచి ఆఫీసుకు వెళ్ళే దారిలో, కుదుపులకు పాట తెగకుండా కాచే డిస్క్‌మన్ అనే చేతి సీడీ ప్లేయర్‌లో ఈ ఆల్బమ్‌నే వినేవాణ్ణి. స్టేషను వచ్చినా మధ్యలో ఆపడానికి మనసొప్పేది కాదు. పాటల వరుస మార్చే షఫుల్ మీట నొక్కితే ఈ రికార్డు విరిగిపోతుంది. ఆల్బమ్ అంటే పాటల మూట కాదని, మొదలు నుంచి తుది దాకా ఒకే రచన కాగలదని నాకు నేర్పినది ఇదే. నిజానికి క్యాసెట్ల కాలంలో సినిమా పాటలను కూడా ఏ వైపు, బీ వైపు వరుసలోనే వినేవాళ్ళం గాని, ఆ వరుసకు అర్థం ఉండాలని ఎప్పుడూ ఆశించలేదు.

అదే 2001 జూన్‌లో బేస్‌మెంట్ జాక్స్ వారి రూటీ వచ్చింది. ఫెలిక్స్ బక్స్‌టన్, సైమన్ రాట్‌క్లిఫ్ దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌వారు. అక్కడ తాము నడిపిన క్లబ్ రాత్రి పేరే ఆల్బమ్‌కు పెట్టారు. డాఫ్ట్ పంక్‌లో ఉన్న పొందిక వీళ్ళలో లేదు. సాంబా, రాగ్గా, సోల్, పంక్ అన్నీ ఒకేసారి తోసుకుంటూ వస్తాయి. విక్టోరియా లైన్ చివరి స్టేషన్‌లో దిగి, మెట్లెక్కి పైకి వస్తే బ్రిక్స్‌టన్ వీధి కూడా అలాగే ఉండేది. కరీబియన్ కూరగాయల అంగళ్ళు, అగరొత్తులు అమ్మేవాళ్ళు, మైకు పట్టుకుని బైబిలు బోధించేవాళ్ళు, కాస్త అవతల ఎలక్ట్రిక్ అవెన్యూ బజారులో రెగే పాటలు. అరటికాయలు, పచ్చిమిరపకాయలు అక్కడ మంచివి దొరికేవి కనుక మేము తరచూ వెళ్ళేవాళ్ళం. వేర్స్ యువర్ హెడ్ ఎట్ పాట బ్రిటిష్ గాయకుడు గ్యారీ న్యూమన్ పాత రికార్డుల నుంచి తీసుకున్న మొరటు సింథసైజర్ వరుస మీద నిలబడినది. అంత కోపంగా మొదలై అంత ఆనందంగా ముగిసే పాటను నేను మరొకటి ఎరుగను. రోమియో పాటకు తీసిన వీడియో అచ్చం హిందీ సినిమా పాట పద్ధతిలో ఉండడం చూసి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మనవాళ్ళను ఎగతాళి చేశారని ఒక మిత్రుడు బాధపడ్డాడు. నేను అలా అనుకోలేదు. ఆ రంగులూ, ఆ గుంపు నృత్యాలూ ఆ పాటలోని ఉత్సాహానికి సరిగ్గా సరిపోయాయనే ఇప్పటికీ నా అభిప్రాయం. అమెరికాలో ఎలక్ట్రానిక్, డాన్స్ ఆల్బమ్‌లకు గ్రామీ బహుమతి మొదటిసారి 2005లో ఇచ్చినప్పుడు, అది వీళ్ళ తరువాతి ఆల్బమ్ కిష్ కాష్‌కే దక్కింది.

చలికాలపు సాయంత్రాలకు మాత్రం రాయ్‌క్సాప్ వారి మెలొడీ ఏ.ఎం. ఉండేది. నార్వేలో ఆర్కిటిక్ వృత్తానికి పైన ఉన్న ట్రోమ్సోలో పెరిగిన ఇద్దరు మిత్రులు చేసిన ఈ 2001 ఆల్బమ్ మెత్తగా, తొందర లేకుండా నడుస్తుంది. శీతాకాలంలో వారాల తరబడి సూర్యుడు ఉదయించని ఊరివాళ్ళు చేసినదని తెలిశాక, మధ్యాహ్నం నాలుగింటికే చీకటిపడే లండన్ డిసెంబరు కూడా నాకు భరించదగినదిగానే తోచింది. 2002లో వచ్చిన అండర్‌వరల్డ్, కెమికల్ బ్రదర్స్ ఆల్బమ్‌లు కొన్నాను గాని, వాటిలో కొన్ని పాటలే నాతో నిలిచాయి. ట్రాన్స్ సంగీతం ఆ రోజుల్లో మా ఆఫీసులోని కుర్రవాళ్ళందరికీ ప్రాణం. ఆ సంగీతంలో పేరుపొందిన డీజే టియెస్టో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో క్రీడాకారుల కవాతుకు సంగీతం వాయించినప్పుడు వాళ్ళు పండుగ చేసుకున్నారు. స్టేడియాల కోసం ఉబ్బించిన ఆ భావోద్వేగం నాకెప్పుడూ కొంచెం దూరంగానే ఉండిపోయింది.

భారతీయ మూలాలున్న సంగీతకారులు ఆ రోజుల్లో లండన్‌లో చేస్తున్న పని గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకం అసంపూర్ణమవుతుంది. తబలా విద్వాంసుడు తల్విన్ సింగ్ ఓకే ఆల్బమ్‌కు 1999లో, బ్రిటన్‌లో ఏటా ఒక ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి వచ్చింది. నేను వెళ్ళేనాటికి ఏషియన్ అండర్‌గ్రౌండ్ అని పిలిచిన ఆ కెరటం కొంత తగ్గినా, నితిన్ సాహ్నీ 2001లో ప్రాఫెసీ విడుదల చేశాడు. నెల్సన్ మండేలా గొంతు కూడా వినిపించే ఆ ఆల్బమ్‌లో యంత్రం, హిందుస్తానీ ఖయాల్ గానం, స్పెయిన్ ఫ్లమెంకో గిటార్ ఒకదాని నుంచి మరొకటి సహజంగా పుట్టినట్లు ఉంటాయి. మరుసటి సంవత్సరం ఢిల్లీకి చెందిన గౌరవ్ రైనా, తపన్ రాజ్‌లు మిడైవల్ పండిట్స్ పేరుతో చేసిన మొదటి ఆల్బమ్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోలోని సిక్స్ డిగ్రీస్ సంస్థ ప్రపంచమంతటా విడుదల చేసింది. మన దేశంలోనే కూర్చుని చేసిన ఎలక్ట్రానిక్ ఆల్బమ్ బెర్విక్ స్ట్రీట్ దుకాణపు అరలో కనబడినప్పుడు నాకు కలిగిన గర్వం చిన్నది కాదు. ఒక్కటే వెలితిగా ఉండేది. వీళ్ళందరి శాంపిల్స్‌లోనూ సితార్, సారంగి, హిందుస్తానీ ఆలాపన వినబడేవి గాని, నాదస్వరమో డప్పో మన పల్లెపదమో ఎక్కడో తప్ప వినబడేది కాదు. ఎవరి బాల్యం వాళ్ళ రికార్డుల్లోకి వస్తుంది కనుక, మన బాల్యం కూడా అందులోకి రావాలంటే మనవాళ్ళే ఆ యంత్రాల ముందు కూర్చోవాలని అప్పట్లో బలంగా అనిపించేది.

బెర్విక్ స్ట్రీట్ పేరు ఎత్తాను కనుక ఒక మాట. సోహోలోని ఆ చిన్న వీధిలో అప్పట్లో రికార్డుల దుకాణాలు పక్కపక్కనే ఉండేవి. కొత్త ఆల్బమ్ విడుదలైన కొద్ది వారాలకే, సమీక్షల కోసం విలేఖరులకు ఇచ్చిన ప్రతులు అక్కడికి చేరేవి. అట్ట వెనుక అమ్మకానికి కాదని ముద్ర ఉన్న ఆ సీడీలు సగం ధరకే దొరికేవి. పౌండును రూపాయల్లోకి మార్చుకుని లెక్కపెట్టుకొనే మాకు అది పెద్ద వరం. శుక్రవారం సాయంత్రం బీబీసీ రేడియో వన్‌లో డీజే పీట్ టాంగ్ కార్యక్రమం విని, పేర్లు కాగితం మీద రాసుకుని, శనివారం అక్కడికి వెళ్ళేవాణ్ణి. దుకాణంలోని కుర్రవాడు నేను అడిగినది తీస్తూనే, ఇది నచ్చితే ఇది కూడా వినండి అని మరొకటి వేసి వినిపించేవాడు. భాష సరిగ్గా అర్థం కాకపోయినా ఆ మర్యాద అర్థమయ్యేది.

2003లో అమెరికాలోని రెడ్‌మండ్‌లో పనిచేస్తున్న నా చిన్ననాటి స్నేహితుడు ఒక సీడీని పోస్టులో పంపాడు. అది ది పోస్టల్ సర్వీస్ బృందం చేసిన గివ్ అప్. సియాటిల్‌లో ఉండే గాయకుడు బెన్ గిబర్డ్, లాస్ ఏంజిలిస్‌లో ఉండే జిమ్మీ టాంబొరెల్లో ఒకరికొకరు రికార్డింగులను పోస్టులో పంపుకుంటూ ఆ ఆల్బమ్ తయారుచేశారు. ఒకరు తాళం, సింథసైజర్ వరుసలు పంపితే మరొకరు గొంతు చేర్చి తిప్పి పంపేవారు. అందుకే ఆ పేరు పెట్టుకున్నారు. తమ పేరు వాడుకున్నారని అమెరికా తపాలా శాఖ మొదట అభ్యంతరం చెప్పి, తరువాత రాజీపడి, తమ సభలోనే వాళ్ళచేత పాడించింది. దూరంగా ఉన్న ఇద్దరు మనుషుల మధ్య పుట్టిన పాటలు కనుక వాటిలో దూరమే ముఖ్య విషయం. వేల మైళ్ళ అవతల నుంచి ఒక స్నేహితుడు పంపిన పొట్లంలో అవి నా చేతికి రావడం కంటే సరైన రాక వాటికి ఉండదు.

2004 చివర హైదరాబాదు తిరిగి వచ్చాను. అక్కడ ఇంటర్నెట్ ఇంకా నెమ్మదిగానే ఉన్నా, వరల్డ్‌స్పేస్ ఉపగ్రహ రేడియో ఉండేది. కిటికీ బయట చిన్న యాంటెన్నా పెట్టి, ఆసియాస్టార్ ఉపగ్రహం వైపు తిప్పుకుంటే చాలు. అమ్మ కోసం తెలుగు చానల్ స్పందన, నాన్న కోసం కర్ణాటక సంగీతపు చానల్ శ్రుతి, రాత్రి అందరూ పడుకున్నాక నా కోసం డాన్స్ సంగీతం. ఒకే చిన్న పెట్టెలో ముగ్గురి కోరికలూ తీరిన రోజులవి. 2009 డిసెంబరు 31న మన దేశంలో ఆ సేవ ఆగిపోయింది. ఇప్పటికీ ఆ పెట్టెను తలచుకొని బాధపడే శ్రోతలు హైదరాబాదులో, బెంగుళూరులో చాలామంది ఉన్నారు.

అప్పటికే కాలం మారుతోంది. డాఫ్ట్ పంక్ వారి మూడో ఆల్బమ్ 2005లో వచ్చింది. ఆరు వారాలలో చేసిన ఆ రికార్డులో డిస్కవరీలోని ఓపిక లేదు. అదే సంవత్సరం న్యూయార్క్‌లో జేమ్స్ మర్ఫీ నడిపే ఎల్‌సీడీ సౌండ్‌సిస్టమ్ తొలి ఆల్బమ్‌లో డాఫ్ట్ పంక్ తమ ఇంటికి వచ్చి వాయిస్తున్నారని చెప్పే పాట మొదటిది. నేను కొత్తగా విన్న సంగీతం అప్పుడే మరొకరి జ్ఞాపకంగా మారి పాటలోకి ఎక్కిపోయింది. 2007లో దక్షిణ లండన్‌కు చెందిన బరియల్ అనే సంగీతకారుడు చేసిన అన్‌ట్రూ ఆల్బమ్ వింటే, ఒకప్పటి క్లబ్ సంగీతం అర్ధరాత్రి బస్సు కిటికీ అవతల నుంచి వినబడుతున్నట్లు ఉంటుంది. నా దృష్టిలో ఆ దశకపు ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ల కథ అక్కడ పూర్తయింది. అవలాంచెస్ రెండో ఆల్బమ్ వైల్డ్‌ఫ్లవర్ 2016 జులై దాకా రాలేదు. ఆల్బమ్ బాగుంది. కానీ మొదటిదానిలో ఉన్న ప్రయాణం మొదలుపెట్టే తొందర అందులో ఉండాలని కోరుకోవడం న్యాయం కాదు.

2021 ఫిబ్రవరి 22న డాఫ్ట్ పంక్ విడిపోయారు. ఆ వార్త కంటే నన్ను ఎక్కువగా కదిలించినది అదే సంవత్సరం లాస్ ఏంజిలిస్‌లోని ఒక పత్రిక ప్రచురించిన కథనం. వన్ మోర్ టైమ్ ప్రారంభంలో వినబడే ఆ బాకాలు 1979లో ఎడ్డీ జాన్స్ అనే గాయకుడు విడుదల చేసిన మోర్ స్పెల్ ఆన్ యూ అనే పాటలోవి. లైబీరియాలో పుట్టి, ఫ్రాన్స్‌లో ఆ రికార్డు చేసి, తరువాత అమెరికా చేరిన ఆయన, అనారోగ్యంతో, చాలా కాలం నిలువ నీడ లేకుండా బతికాడు. ప్రపంచమంతా తన పాట ముక్క మీద నృత్యం చేస్తున్న ఇరవై ఏళ్ళలో ఆయనకు అందులో వాటా చేరలేదు. డబ్బు ఆ పాట హక్కులున్న కంపెనీ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. డిస్కవరీ సీడీ పుస్తకంలో జార్జ్ డ్యూక్, ఎడ్విన్ బర్డ్‌సాంగ్ పేర్లు ఉన్నాయి గాని ఎడ్డీ జాన్స్ పేరు లేదు. ఈ కథనం తరువాతే ఆ కంపెనీ ఆయనకు చెల్లింపులు మొదలుపెడతామని చెప్పింది. డిస్కవరీ మీద నా ప్రేమ దీనివల్ల తగ్గలేదు. అయితే ఆ పాట విన్న ప్రతిసారీ ఇప్పుడు రోమాంథనీ గొంతుతో పాటు ఆ పేరు కూడా నా మనసులో మెదులుతుంది, మెదలాలి కూడా.

అందుకే ఇప్పుడు నేను ఆ ఆల్బమ్‌లను వెనుక నుంచి వింటున్నాను. మొదట ఎడ్డీ జాన్స్ 1979 పాటను మొదలు నుంచి చివరిదాకా విన్నాను. మంచి డిస్కో పాట అది, ఆ బాకాల కోసం మాత్రమే కాదు, ఆయన గొంతు కోసం కూడా వినదగినది. ఆ తరువాత డిజిటల్ లవ్‌కు ఆధారమైన పాట ఉన్న జార్జ్ డ్యూక్ ఆల్బమ్ ఫాలో ది రెయిన్‌బో విన్నాను. అదీ 1979లోనిదే. హార్డర్, బెటర్, ఫాస్టర్, స్ట్రాంగర్‌లో ఆ వాయిద్య వరుసకు మూలమైన ఎడ్విన్ బర్డ్‌సాంగ్ పాట కోలా బాటిల్ బేబీ కూడా అదే సంవత్సరపుది. ముగ్గురూ ఒకే ఏడాది వేరువేరు చోట్ల చేసిన ఈ రికార్డులను ఇప్పుడు ఒక వరుసలో పెట్టుకుని వింటుంటే, డిస్కవరీ పుట్టకముందే అందులోని సంతోషమంతా ఎక్కడెక్కడ చెల్లాచెదురుగా పడి ఉందో వినబడుతోంది. ఇక అవలాంచెస్ వంతు మొదలుపెట్టాలి.